టేకు కొయ్య, బందరు ఓడలు



నిరుడు గుడివాడ దగ్గర ఒక వూళ్ళో ఒక పెద్దాయన నన్ను చెయ్యి పట్టుకుని వాళ్ళ ఇంటి గేటు దగ్గరకు తీసుకెళ్ళారు. టేకు గేటు. పెట్టించి నాలుగేళ్ళయిందట. మొదట్లో వార్నిష్ దట్టంగా పూయించారు, పొర లేచినప్పుడల్లా దానిమీదే మళ్ళీ ఇంకో పూత వేయించారు. నేను చూసేసరికి కమ్ముల అతుకుల దగ్గర కొయ్య నల్లబడి, గోరు పెడితే పొడి రాలుతోంది. "టేకంటే తాతల నాటిదాకా ఉంటుందన్నారు గదా బాబూ, ఇదేనా?" అన్నారు. నేను వెళ్ళింది మినుములో పల్లాకు తెగులు చూడటానికి. అయినా ఆ మాట మనసులో పడిపోయింది. దానికి జవాబు మన బందరు ఓడల కథలో ఉంది. కాస్త ఓపికపట్టండి.

1611లో గ్లోబ్ అనే ఇంగ్లీషు ఓడ మచిలీపట్నం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళ వర్తకం ఈ తీరాన మొదలైంది ఆ ఓడతోనే. బందరులో పెద్ద ఓడ ఒడ్డుకు రాలేదు, దూరాన లంగరు వేసుకుని నిలవాలి. అందుచేత ఓడలు కట్టాలన్నా, బాగుచేయాలన్నా ఉత్తరాన గోదావరి ముఖాన ఉన్న నర్సాపురమే గతి. 1614లో గ్లోబ్ కూడా ఆ నదిలోకే వెళ్ళింది. అక్కడ టేకు దుంగలు ఎగువ అడవులనుంచి నీటిమీద తేలుతూ వచ్చేవి, ఇనుము దొరికేది, పనివాళ్ళు ఉండేవారు. 1670 ప్రాంతాల ఈ తీరమంతా తిరిగిన థామస్ బౌరీ అనే నావికుడు కూడా నర్సాపురం, మాధవాయిపాలెం ఓడల పనిని మెచ్చుకుంటూ రాశాడు.

ఓడ కట్టేవాడికి టేకు ఎందుకంత ఇష్టం? టేకు చేవలో సహజంగా ఒక జిడ్డు, కొన్ని మందుగుణాలు ఉంటాయి. చెదలుకు, బూజుకు అవి గిట్టవు. పైగా ఎండకూ వానకూ అంతగా ఉబ్బదు, వంకరపోదు. అయితే ఈ గుణమంతా చేవదే. బెరడు పక్కన ఉండే తెల్లకొయ్యకు ఆ శక్తి లేదు, అది మామూలు కర్రలాగే కుళ్ళుతుంది. పెద్దాయన గేటు కమ్ముల్లో ఒక అంచు పొడుగునా తెల్లకొయ్యే ఉంది. వార్నిష్ పూశాక అది ఎవరి కంటా పడలేదు.

ఓడవాళ్ళు శ్రమంతా పెట్టింది అతుకుల మీద. పలకల సందుల్లో పీచు దట్టించి, గుగ్గిలం, నూనె కలిపి కాచి పట్టించేవారు. నీళ్ళలో మునిగే అడుగుభాగానికి సున్నం కూడా కలిపి మెత్తేవారు. ఎందుకంటే ఉప్పునీటిలో కొయ్యను తొలిచే పురుగు ఒకటి ఉంది. మనం పురుగంటాం గాని అది ఆలిచిప్ప జాతిది. పైకి సూదిబెజ్జమంత కన్నమే కనబడుతుంది, లోపల పలక జల్లెడైపోతుంది. మంచినీటిలో ఎక్కువకాలం బతకలేదు గనక, ఓడను నది లోపలికి తెచ్చి కొన్నాళ్ళు ఉంచడం కూడా దానికి ఒక మందే. టేకును సైతం అది పూర్తిగా వదిలిపెట్టదు సుమా. ఇక పైన నడిచే టేకు పలకలకు నిగనిగ అక్కర్లేదని వదిలేసి, ఉప్పునీళ్ళతో కడిగేవారు. గేటు పోతే డబ్బుతో పోతుంది. సముద్రంమీద అతుకు విడిపోతే మనుషులు పోతారు.

1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన బందరును ముంచేసింది, ముప్పై వేలమంది పోయారంటారు. రేవు మళ్ళీ పూర్వంలా కాలేదు. అప్పటికే, 1855లో, బెజవాడ ఆనకట్ట పూర్తై కాలువల్లో పడవలు తిరగసాగాయి. కాలువ మంచినీరు, తొలిచే పురుగు లేదు. అయినా నీటిగీత దగ్గర, అంటే కొయ్య ఒకసారి తడిసి ఒకసారి ఆరేచోట, కుళ్ళు పట్టేది. పొలంలో పాతిన కంచెగుంజ నేలమట్టం దగ్గరే విరిగిపోవడం మీరూ చూశారుగదా, అదే ఇది.

టేకు కొనలేనివాడి సంగతి? దానికి దారి చూపింది ఒక తెలుగువాడే. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన సొంటి కామేశం 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాలు కలిపి కొయ్యకు ఎక్కించే మందు కనిపెట్టారు. రాగి బూజును చంపుతుంది, ఆర్సెనిక్ చెదలునూ తొలిచే పురుగునూ చంపుతుంది, క్రోమియం ఆ రెంటినీ కొయ్యకు అంటిపెట్టుకుని ఉండేలా చేస్తుంది. చవకకర్ర కూడా దాంతో ఏళ్ళతరబడి నిలిచింది. ప్రపంచమంతా వాడారు. మనవాళ్ళలో ఆయన పేరు తెలిసినవారు తక్కువ, అది నాకు కష్టంగానే ఉంటుంది. అయితే ఆర్సెనిక్ విషం. 2003 చివరినుంచి అమెరికాలో ఇళ్ళ వాడకానికి ఆ కర్ర చేయడం మానేశారు. మందెక్కించిన కర్రముక్కలు పొయ్యిలో పెట్టకండి, పశువుల తొట్టికి వాడకండి.

గేటు దగ్గరకు వద్దాం. గిలకలదిండి రేవులో మరపడవలు బాగుచేసే ఒక మేస్త్రిని అడిగితే, "ముందు ఆ వార్నిష్ అంతా గీకేయండి, నీళ్ళు లోపలే ఉన్నాయి" అన్నాడు. పూత పగిలినచోట వాన లోపలికి దిగుతుంది, మిగతా పూత దాన్ని బయటికి పోనివ్వదు. పగుళ్ళమీద మళ్ళీ పూస్తే తడికి మూత బిగించినట్టే. పాతపూత పూర్తిగా తీసి, మెత్తటి బ్రష్షుతో కడిగి, నాలుగైదు రోజులు నీడన ఆరనివ్వాలి. గట్టి బ్రష్షుతో పొడుగునా తోమితే మెత్తటి గీతలు అరిగి కొయ్య గాళ్ళుపడుతుంది, అడ్డంగా తోమండి. కుళ్ళిన తెల్లకొయ్య తీసేసి చేవముక్క అతకాలి. అడ్డంగా కోసిన కొసలు నీరు పీల్చే నోళ్ళు, వాటికి పల్చని పూత రెండు మూడుసార్లు పట్టించండి. అవిసెనూనె రాస్తే మన ఉక్కకు బూజు నల్లగా పడుతుంది. ఆ నూనెగుడ్డలు ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే అంటుకుంటాయి, పరిచి ఆరబెట్టండి.

ఏమీ పూయకపోతే టేకు బూడిదరంగుకు తిరుగుతుంది. ఎండ పైపొరను తిన్న గుర్తే గాని అది కుళ్ళు కాదు.

పెద్దాయన గేటుకు అతుకులూ, కొసలూ బాగుచేయించి మిగతాది వదిలేశారు. రెండు వానాకాలాలు గడిచాయి, గోరు దిగడం లేదు. ఆ బూడిదరంగు మాత్రం ఆయనకు ఇంకా నచ్చలేదు.