మందుచీటీ సరుకైన వైనం

అమెరికాలో వైద్యుడు రాసిన మందుచీటీ అంగడి సరుకుగా మారిన చరిత్రకు ఒక మూలం 1906లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ మొదలుపెట్టిన వైద్యుల పట్టికలో ఉంది. మందుల దుకాణాలు రోగి పేరు తొలగించి అమ్మిన చీటీల వివరాలను ఐఎంఎస్ హెల్త్ వంటి సంస్థలు ఆ పట్టికతో జతపరచి, ఏ వైద్యుడు ఏ మందును ఎంత తరచుగా రాస్తున్నాడో తేల్చి ఔషధ కంపెనీలకు అమ్మేవి. దీనినే ప్రిస్క్రిప్షన్ డేటా మైనింగ్, అంటే మందుచీటీల సమాచారాన్ని తవ్వి తీయడం, అంటారు. తెలుగువారు మెడికల్ రెప్ అని పిలిచే కంపెనీ ప్రతినిధి వైద్యుని గదిలో అడుగుపెట్టేసరికే, ఆయన పోటీ కంపెనీ మందును ఎన్నిసార్లు రాశాడో తెలుసుకొని ఉండేవాడు. ఎదుట కూర్చున్న వైద్యులలో చాలామందికి ఆ సంగతే తెలియదు. ఈ అసమానతే అసలు తప్పు, ఎందుకంటే రోగి పేరు దాచినంత మాత్రాన రోగి మేలు కాపాడినట్టు కాదు. 2006లో న్యూ హాంప్‌షైర్, 2007లో వెర్మాంట్ రాష్ట్రాలు ఈ వాడకాన్ని కట్టడి చేస్తూ చట్టాలు తెచ్చాయి. అసోసియేషన్ కూడా 2006లో, తమ వివరాలు ప్రతినిధుల చేతికి చేరకుండా వైద్యులు ఆపుకొనే వీలు కల్పించింది గాని, అడిగినవారికే ఆ రక్షణ దక్కింది. 2011 జూన్ 23న సుప్రీంకోర్టు, వెర్మాంట్ చట్టం భావప్రకటనా స్వేచ్ఛకు భంగకరమని 6–3 మెజారిటీతో కొట్టివేసింది.