మూడో కాలు

ధర్మదేవత కృతయుగంలో నాలుగు కాళ్ళతో నడిచి, యుగానికొక కాలు పోగొట్టుకుని, కలియుగం నాటికి ఒంటికాలిమీద నిలిచిందని మన పెద్దలు చెబుతారు. కరెంటు ప్లగ్గు కథ ఇందుకు తలకిందులు. అది రెండు కాళ్ళతో పుట్టి, ఎందరో ఇంజనీర్ల తపస్సు ఫలించి మూడో కాలు సంపాదించుకుంది. సంపాదించిన ఆ కాలును మన ఇళ్ళలో మనమే విరగ్గొట్టుకున్నాం. ఈ వ్యాసం ఆ మూడో కాలి చరిత్ర. ఇందులో నా స్వంత గొడవ కూడా కొంత కలిసింది. పాఠకులు మన్నించగలరు.

1990లలో నేను విద్యుత్ పరికరాలను పరీక్షించే ఒక ప్రయోగశాలలో ఉద్యోగం చేసేవాణ్ణి. నా బల్లమీదికి ఎక్కువగా వచ్చేవి ఇస్త్రీపెట్టెలు, నీళ్ళు కాచుకునే హీటరు రాడ్లు. వాటికి చేసే పరీక్షల్లో ఎర్తు పరీక్ష ముఖ్యమైనది. ప్లగ్గులోని ఎర్తు పిన్నుకూ, పరికరం లోహపు ఒంటికీ మధ్య 25 ఆంపియర్ల కరెంటు పంపి, ఎంత వోల్టేజి పడిపోతుందో చూస్తాం. రెండున్నర వోల్టులు దాటకూడదు. అంటే నిరోధం 0.1 ఓము మించరాదు. ఇంత పెద్ద కరెంటు ఎందుకంటే, ఒక్క పోగుమీద వేలాడుతున్న తీగ చిన్న కరెంటుకు చక్కగా తలూపుతుంది, పెద్ద కరెంటుకు నిజం కక్కుతుంది.

ఒకసారి ఒక చిన్న తయారీదారు రాడ్డు 0.14 ఓము చూపించింది. నేను తప్పించాను. ఆయన స్వయంగా వచ్చి, "నాలుగు వందో వంతులకు మనుషులు చచ్చిపోతారా సార్?" అన్నాడు. ఆ నాలుగు వందో వంతుల వెనక వదులైన స్క్రూ ఉందని విప్పి చూపించాను. ఆయన దానిని సరిచేసుకుని మళ్ళీ తెచ్చాడు, ఈసారి నెగ్గింది. సంతకం చేశాను. ఆ సంతకం మీద నాకు కొంత గర్వం కూడా ఉండేదని ఒప్పుకోవాలి.

ఆ రకం రాడ్డునే ఒకటి కొని మా పెద్దమ్మకు ఇచ్చాను. కట్టెలపొయ్యి ముందు కూర్చుని గొట్టంతో ఊదే బాధ తప్పుతుందనుకున్నాను. రెండేళ్ళ తరువాత ఊరినుంచి కబురు వచ్చింది. ఇత్తడి గంగాళంలో నీళ్ళు వేడెక్కాయో లేదో చూద్దామని పెద్దమ్మ అంచు పట్టుకుంది, విసిరికొట్టినట్టు వెనక్కి పడింది. ఉప్పునీళ్ళలో మరిగి మరిగి రాడ్డు తొడుగుకు తూటు పడింది. అది వస్తువు స్వభావం, ఆశ్చర్యం లేదు. అటువంటప్పుడు ఆదుకోవడానికే ఎర్తు తీగ ఉన్నది. వెళ్ళి చూస్తే, వరండాలో ఉన్నది రెండు కన్నాల సాకెట్టు. ఊళ్ళో కరెంటు మేస్త్రి నా మూడు కాళ్ళ ప్లగ్గును కోసి అవతల పారేసి, ఆకుపచ్చ తీగను మొదలంటా కత్తిరించి, మిగిలిన రెండు తీగలను కన్నాల్లో దూర్చి అగ్గిపుల్లలు బిగించాడు.

"పీటమీద కూర్చున్నాను కాబట్టి సరిపోయింది నాయనా. తడిచేత్తో ముట్టుకోవడం నాదే తప్పు," అంది పెద్దమ్మ. ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. తప్పు ఆమెది కాదు. మరి ఎవరిది?

ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ నేను చరిత్రలోకి వెళ్ళాను.

1893లో షికాగోలో కొలంబస్ పేరిట ప్రపంచ ప్రదర్శన జరిగింది. జనం మునుపెన్నడూ చూడనన్ని విద్యుద్దీపాలు అక్కడ వెలిగాయి. చెక్కలతో, పలచని గోడలతో కట్టిన భవనాల్లో అన్ని తీగలు పరుచుకుంటే భీమా సంస్థలకు గుండెదడ పుట్టడం సహజమే. విద్యుత్ ఏర్పాట్లను పరిశీలించడానికి బోస్టన్ నుంచి విలియం హెన్రీ మెరిల్ అనే యువ ఇంజనీరు వచ్చాడు. తీగ నాసిరకమని తేలేది మంటలు లేచాక కాదు, అమ్మకముందే తేలాలి అన్నది అతని ఆలోచన. 1894లో చిన్న ప్రయోగశాల పెట్టాడు. అదే 1901 నాటికి అండర్‌రైటర్స్ లేబొరేటరీస్ అయింది. మనం గుర్తుంచుకోవలసింది ఒకటుంది. ఈ విద్య పుట్టింది కరుణలోంచి కాదు, భీమా లెక్కల్లోంచి. ఆ లెక్కల్లో మొదట కనిపించింది తగలబడే ఇల్లు. షాకు కొట్టిన మనిషి కొంత ఆలస్యంగా కనిపించాడు.

1906లో లండన్‌లో అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్ ఏర్పడింది. లార్డ్ కెల్విన్ దానికి తొలి అధ్యక్షుడు. మన దేశంలో 1947లో భారత ప్రమాణాల సంస్థ వచ్చింది. 1952 చట్టంతో ఐ.ఎస్.ఐ. గుర్తుకు బలం చేకూరింది. 1986 చట్టం దానిని బి.ఐ.ఎస్.గా మార్చింది. గృహోపయోగ విద్యుత్ పరికరాలపై వచ్చిన నాణ్యతా ఉత్తర్వుల వరుసలో 2003 నాటి ఉత్తర్వు ప్రకారం, హీటరు రాడ్డునూ ఇస్త్రీపెట్టెనూ ఆ గుర్తు లేకుండా అమ్మరాదు. కాగితం మీద కంచె గట్టిదే.

ఇక మూడో కాలి సంగతి. అమెరికాలో ఫిలిప్ లాబ్రేకు ఎర్తు కల ప్లగ్గు మీద 1928లో పేటెంటు దక్కింది. బ్రిటన్ 1934లో బి.ఎస్. 546 అనే ప్రమాణం ప్రకటించింది. మన గోడలమీది గుండ్రటి కన్నాల సాకెట్టు దాని సంతతే. ఎర్తు పిన్ను మిగతా రెండింటికన్నా పొడుగ్గా ఉండడం అలంకారానికి కాదు. పెట్టేటప్పుడు కరెంటుకన్నా ముందు ఎర్తు అందాలి, తీసేటప్పుడు అన్నిటికన్నా చివర వీడాలి. లావుగా ఉన్నది, పొరపాటున కరెంటు కన్నంలో దూరకుండా. తల్లి బిడ్డను నీళ్ళలోకి దింపేటప్పుడు ముందు చెయ్యి పట్టుకుని, గట్టెక్కాకే వదిలినట్టు ఉంటుంది ఈ ఏర్పాటు. ఇంత ఆలోచించి పెట్టిన కాలును కత్తెరతో ఒక్క క్షణంలో తీసేయవచ్చు.

సరే, ఆ మేస్త్రి కత్తిరించకపోతే పెద్దమ్మకు షాకు తగిలేది కాదా? ఇక్కడే నా గర్వం పూర్తిగా దిగిపోయింది. పల్లెటూరి పెరట్లో ఉప్పూ బొగ్గూ వేసి పాతిన ఎర్తు గుంత ఎండాకాలంలో నీళ్ళు పోసేవాళ్ళు లేక ఎండిపోతుంది. దాని నిరోధం 20 ఓములు అనుకుందాం. 230 వోల్టులను 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 15 ఆంపియర్ల ఫ్యూజు దానికి కరగదు. గంగాళం కరెంటుతో అలాగే నిలిచి ఉంటుంది. నేను ప్రయోగశాలలో 0.1కీ 0.14కీ మధ్య యుద్ధం చేశాను. పెరట్లో ఎన్ని ఓములున్నాయో నన్నెవరూ అడగలేదు. నేనూ ఎవరినీ అడగలేదు. నా పరీక్ష వ్యర్థమని కాదు, వదులు స్క్రూ వదులు స్క్రూయే. కాని మా ప్రమాణం ప్లగ్గు పిన్నుదాకా వచ్చి ఆగిపోతుంది. అవతల మంచి ఎర్తు ఉన్నదని నమ్ముతుంది. ఆ నమ్మకాన్ని పరీక్షించే బల్ల ఏ ప్రయోగశాలలోనూ లేదు.

ఈ నమ్మకంతో పని లేకుండా చేసిన వాళ్ళలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు చార్లెస్ డాల్జియల్ ఒకడు. మనిషి ఎంత కరెంటు దాకా పట్టు వదిలించుకోగలడో తెలుసుకోవడానికి ఆయన స్వచ్ఛంద సేవకుల మీద ప్రయోగాలు చేశాడు. పురుషులకు సగటున 16 మిల్లీ ఆంపియర్లు, స్త్రీలకు పదిన్నర అని తేలింది. అది దాటితే కండరాలు బిగుసుకుని, చెయ్యి తీయాలన్నా రాదు. ఫ్యూజు లెక్క ఆంపియర్లలో, ప్రాణం లెక్క వాటిలో వెయ్యో వంతుల్లో. ఈ రెంటికీ మధ్య ఉన్న అగాధాన్ని పూడ్చాలని 1961లో ఆయన ఒక పరికరం రూపొందించాడు. వెళ్ళిన కరెంటు, తిరిగి వచ్చిన కరెంటు సమానమా అని అది చూస్తుంది. 5 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చినా రెప్పపాటులో సరఫరా ఆపేస్తుంది. ఎర్తు ఉన్నదా లేదా అని అది అడగదు. అంతకుముందే, 1950లలో, దక్షిణాఫ్రికా బంగారు గనుల కోసం హెన్రీ రూబిన్, ఆస్ట్రియాలో బీగెల్‌మయర్ ఇదే దారిలో నడిచారు. మన ఇళ్ళకు వచ్చేది సాధారణంగా 30 మిల్లీ ఆంపియర్ల రకం.

మన 1956 విద్యుత్ నిబంధనలలో తరువాత చేర్చిన 61-ఎ నిబంధన ఇటువంటి రక్షణ పరికరాన్ని తప్పనిసరి చేసింది, అయితే 5 కిలోవాట్లు మించిన కనెక్షన్లకే. ఒక ఫ్యాను, రెండు దీపాలు, ఒక హీటరు రాడ్డు ఉన్న మా పెద్దమ్మ ఇల్లు ఆ లెక్కలోకి రాలేదు. ఎర్తు గుంత ఎండిపోయేది ఆ ఇళ్ళలోనే. తీగల కన్నాల్లో అగ్గిపుల్లలు ఉండేదీ అక్కడే.

ఆ వేసవిలో నేను ఊళ్ళో మూడు రోజులున్నాను. పెరట్లో గుంత తవ్వించి, కొత్త తీగ లాగించి, మీటరు పక్కన 30 మిల్లీ ఆంపియర్ల పరికరం పెట్టించాను. ఆ పని చేసింది అదే మేస్త్రి. అతణ్ణి తిట్టాలని వెళ్ళిన నేను తిట్టలేకపోయాను. "మూడో తీగ ఎక్కడ కలపాలో ఆ ఇంట్లో చోటే లేదు బాబూ. పెద్దామె నీళ్ళు కాగాలంది. ఏం చెయ్యమంటారు?" అన్నాడు. మూడో తీగ దేనికో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళలో నేనొకణ్ణి.

పెద్దమ్మ ఆ తరువాత పదేళ్ళకు పైగా బతికింది. పరికరం మీది పరీక్ష మీటను నెలకొకసారి నొక్కమని చెప్పాను. ప్రతి పౌర్ణమికీ నొక్కేది, టక్కుమని పడితే "ప్రాణం ఉంది" అనేది. గుంతలో నీళ్ళు పోయడం మాత్రం తులసికోటకు పోసే నీళ్ళతోపాటు రోజూ జరిగేది.

ఇది చదివినవారు ఒక్కసారి లేచి, తమ ఇంట్లో మూడో కాలు విరిగిన ప్లగ్గు ఏదైనా ఉన్నదేమో చూసుకోగలరు. ఉంటే దాని గోడ వెనక ఏముందో కూడా అడగగలరు. సంతకం చేసిన రోజున నేను అడగని ప్రశ్న అదే.