పోర్ట్‌బ్లెయిర్‌కు రావలసిన ఓడ

1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎమ్‌డెన్ మద్రాసు మీద గుళ్లు కురిపించి, బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబెట్టి పోయింది. బంగాళాఖాతం తెల్లదొరల పెరటి చెరువు కాదని మన తీరానికి అప్పుడే తెలిసింది. నవంబరులో ఎమ్‌డెన్ పని అయిపోయింది. ఒక్క ఓడ ఇంత చేయగలదన్న ఆశ మాత్రం బటేవియాలో చావలేదు.

బటేవియానే ఎందుకంటే, దాన్ని ఏలే డచ్చివాళ్లు మొదటి ప్రపంచ యుద్ధంలో తటస్థులు. జర్మన్ వర్తక నౌకలు వాళ్ల రేవుల్లో తలదాచుకున్నాయి. బయటికొస్తే బ్రిటిష్ యుద్ధనౌకల పాలే. బెంగాల్ నుంచి 'మార్టిన్' పేరుతో వెళ్లిన నరేంద్రనాథ్ భట్టాచార్య (తర్వాతి ఎం.ఎన్. రాయ్) అక్కడే ఆయుధాల కోసం థియొడోర్ హెల్ఫెరిష్ అనే జర్మన్‌ను కలిశాడు. 30,000 తుపాకులు తేవలసిన మావెరిక్ నౌక ఉత్త చేతులతో జావా చేరింది. అయినా పట్టు వదలక 1915లో మూడు ఓడల పథకం వేశారు. ఒకటి హతియాకు, ఒకటి బాలసోర్‌కు, మూడోది అండమాన్‌కు.

ఆ మూడోదాని పనే విచిత్రం. డచ్చి రేవు నుంచి మామూలు ఓడలా బయలుదేరాలి, నడిసముద్రంలో ఆయుధాలు ఎక్కించుకోవాలి. ఆ రోజుల్లో తీరం నుంచి మూడు మైళ్లు దాటితే తటస్థ దేశపు చట్టం వర్తించేది కాదు కదా!   తర్వాత పోర్ట్‌బ్లెయిర్ మీద పడి, అక్కడి జైల్లోని విప్లవకారులనూ ఇతర ఖైదీలనూ ఎక్కించుకుని రంగూన్ మీదికి వెళ్లాలి. 1915 ఫిబ్రవరిలో సింగపూర్‌లో తిరగబడ్డ సిపాయిలు కూడా పోర్ట్‌బ్లెయిర్‌లోనే ఉన్నారనుకున్నారు. 'ఉన్నారట' అన్న మాట మీద జైలు కొట్టాలనుకోవడం సాహసమో, అమాయకత్వమో! నాకైతే రెండోదే ఎక్కువనిపిస్తుంది.

ఈ దాడికి విన్సెంట్ క్రాఫ్ట్ అనే జర్మన్ కూడా ఒక పథకం గీశాడు. బెర్లిన్ ఒప్పుకుంది. క్రిస్మస్ రోజు ముహూర్తం. ఆగస్టులో అతను సింగపూర్‌లో దొరికిపోయి గుట్టంతా విప్పేశాడు. ఆనక బ్రిటిష్‌వాళ్ల కొలువులోనే చేరాడు. ఓడ కదలనే లేదు.

1918 నాటి రౌలట్ కమిటీ నివేదికలో మూడో ఓడ సంగతి ఒక్క వాక్యంలో తేలిపోయింది. ఆ ఓడ విడిపించవలసిన పోర్ట్‌బ్లెయిర్ సెల్యులార్ జైలు ఖైదీల్లో విప్లవకారుడు బరీంద్ర ఘోష్ 1920లో క్షమాభిక్షతో బయటపడ్డాడు. సావర్కర్ సోదరులను 1921లో ప్రధాన భూభాగపు జైళ్లకు మార్చారు.