ఇంటర్నెట్ వైరుధ్యం

మనుషులను కలపడానికి వచ్చిన ఇంటర్నెట్ వారిని ఒంటరివాళ్లను చేస్తోందా అన్న మనోవైజ్ఞానిక చర్చను ఇంటర్నెట్ వైరుధ్యం అంటారు. అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన రాబర్ట్ క్రౌట్ బృందం 1998లో ‘అమెరికన్ సైకాలజిస్ట్’ పత్రికలో ప్రచురించిన వ్యాసంతో ఈ పేరు స్థిరపడింది.

పిట్స్‌బర్గ్‌లో 73 ఇళ్లకు చెందిన 169 మందిని ఈ బృందం పరిశీలించింది. ఆ ఇళ్లకు కంప్యూటరు, ఫోన్ లైను, ఇంటర్నెట్ సమకూర్చి, తొలి ఒకటి రెండేళ్లలో వారి జీవితంలో వచ్చిన మార్పులను నమోదు చేసింది. ఎక్కువగా వాడినవారు ఇంట్లోవాళ్లతో మాట్లాడడం కొంత తగ్గింది, పరిచయస్తుల సంఖ్య తగ్గింది, ఒంటరితనం, కుంగుబాటు కాస్త పెరిగాయి. మార్పులు చిన్నవే అయినా పత్రికల్లో పెద్ద దుమారం రేగింది. పోల్చి చూడడానికి ఇంటర్నెట్ లేని కుటుంబాలను తీసుకోలేదన్న విమర్శ న్యాయమైనదే.

అదే బృందం 2002లో తన నిర్ధారణను తానే సవరించుకుంది. మూడేళ్ల తర్వాత చూస్తే పాత దుష్ఫలితాలు చాలావరకు మాసిపోయాయి. 1998–99లో కొత్తగా పరిశీలించినవారిలో మొత్తం మీద మేలే కనిపించింది. అయితే అందరికీ సమానంగా కాదు. కలుపుగోలు స్వభావం, అండగా నిలిచే బంధుమిత్రులు ఉన్నవారు లాభపడ్డారు. అంతర్ముఖులు, ఆసరా లేనివారు నష్టపోయారు. ఈ చర్చ మొత్తంలో అతి ముఖ్యమైన ఫలితం ఇదే. ఇంటర్నెట్ వాడకం, అంతకుముందే ఉన్న సామాజిక అంతరాన్ని పెంచగలదని ఇది చూపింది.

2016లో మోయిరా బర్క్, క్రౌట్ ఫేస్‌బుక్‌పై చేసిన పరిశోధన మరో మెట్టు ఎక్కింది. ఆప్తులు తమకోసమే రాసిన మాటలు అందుకున్నవారి మానసిక స్థితి మెరుగుపడింది. ఒక్క నొక్కుతో వచ్చే లైకుల వల్ల అలాంటి మేలు కనిపించలేదు. విదేశాల్లో పిల్లలున్న తెలుగు తల్లిదండ్రులకు వీడియో కాల్ ఎందుకంత ప్రాణమో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఇక గంటల లెక్క. కౌమారుల శ్రేయస్సులోని తేడాల్లో డిజిటల్ సాంకేతికత వాడకంతో ముడిపడినది 0.4 శాతానికి మించదని 2019లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఎమీ ఓర్బెన్, ఆండ్రూ ష్బిల్‌స్కీ తేల్చారు. పైగా కుంగుబాటు ఉన్నవారే ఎక్కువసేపు ఇంటర్నెట్‌లో గడపడమూ సాధ్యమే. ఏది కారణమో ఏది ఫలితమో విడదీయడం కష్టం.

సగటు లెక్క చిన్నదైనంత మాత్రాన ఒక్కొక్కరి బాధ చిన్నదైపోదు. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ 2014లో సాంకేతికత అతివాడకానికి ప్రత్యేక చికిత్సా విభాగాన్ని ప్రారంభించింది. ఫోను వల్ల నిద్ర, చదువు, ఉద్యోగం దెబ్బతింటున్నప్పుడు ఇంట్లోవారు మందలింపుతో సరిపెట్టకుండా మానసిక వైద్యులను సంప్రదించాలి.