సముద్రతీరపు గోల్ఫ్ మైదానములు

కోనసీమ తీరమున సముద్రమునకును పంటపొలములకును నడుమ ఇసుకనేల యున్నది. అది వరికి పనికిరాదు. సరుగుడు, మొగలి పెరుగును. స్కాట్లండు దేశమున ఇట్టి నేలనే ‘లింక్సు’ అందురు. మనము దొరల ఆటగా ఎరిగిన గోల్ఫు పెరిగి పెద్దదైనది ఆ నేలమీదనే. యువకులు విలువిద్యను విడిచి ఈ ఆటలో మునుగుచున్నారని 1457లోనే అచ్చటి శాసనసభ దీనిని నిషేధించినది. అయినను ఆట నిలిచినది.

సెయింట్ ఆండ్రూసు పట్టణమునందలి ప్రాచీన మైదానమును మొదట ఏ శిల్పియు గీయలేదు. గాలి ఇసుకను దిబ్బలుగా పోసినది. గొఱ్ఱెలు పచ్చికను కురచగా మేసినవి. చలిగాలికి వెరచి అవి ఒదిగిన చోటులే ఇసుకపల్లములైనవని చెప్పుదురు. బండారులంక నేతకాని మాటలో చెప్పవలెనన్న, పడుగు ప్రకృతిది, పేక మాత్రమే మనిషిది. ఒక్క ఆటకు 22 గుంటలుండగా 1764లో వానిని 18కి తగ్గించిరి. నేడు లోకమంతటను అదే లెక్క. పోవువారికిని మరలివచ్చువారికిని ఉమ్మడిగా ఏడు విశాలమైన పచ్చికచదునులు కలవు. వానిలో ప్రతిదానిపై నున్న రెండు గుంటల సంఖ్యలను కూడిన 18 వచ్చును. పందొమ్మిదవ శతాబ్దమున టామ్ మోరిస్ అను నిపుణుడు పచ్చికపై ఇసుక చల్లించి ఈ నేలను బాగుచేసెను.

అయితే ఈ మైదానము ఒకప్పుడు చేజారినది. అప్పులపాలైన పురపాలకులు 1797లో దానిని పరుల వశము చేయగా, అది కుందేళ్ళ పెంపకమునకు పోయినది. కుందేళ్ళు నేలనంతయు త్రవ్వివైచినవి. ఆటగాండ్రు న్యాయస్థానమున కెక్కిరి. జగడము ఏండ్ల తరబడి సాగినది. 1821లో జేమ్స్ చీప్ అను భూస్వామి ఆ నేలను కొనుటతో ఆట దక్కినది. 1894 నాటి శాసనముతో అది మరల పట్టణమునకు చేరినది. 1974 నుండి ధర్మకర్తల సంస్థ నిర్వహణలో నున్నది. ఆదివారములందు సాధారణముగా ఆట ఉండదు. ఊరివారు పిల్లలతో అచ్చట విహరింతురు.

ఈ ఆట 1829 నాటికే కలకత్తాలో పాదుకొన్నది. మన విశాఖపట్టణమున సముద్రమునకు చేరువలో ఈస్ట్ పాయింట్ గోల్ఫ్ క్లబ్బు కలదు. ఎచ్చటనైనను తీరపు మైదానమున ఆటగాని అసలు ప్రత్యర్థి గాలియే. నిన్న తేలికయైన దెబ్బ నేడు ఎదురుగాలిలో దుస్సాధ్యమగును. కావుననే మంచి శిల్పి దిబ్బలను చదును చేయడు. వాని నడుమ దారి వెదకును.

పంట పండని నేల వట్టి నేలయని తలచుట పొరపాటు. సెయింట్ ఆండ్రూసు ప్రజలు అట్టి నేలను ఒకసారి పోగొట్టుకొని, దాదాపు నూరేండ్లకు గాని తిరిగి పొందలేకపోయిరి. తీరముననున్న ఇసుకదిబ్బ ఊరందరి సొత్తు. అది చేతనుండగనే దాని విలువ నెరుగుట మేలు.