కావేరి గిల్లీల మార్చి నెల

సీజన్ అంటే ఏమిటో భీవండిలో ఉన్న మనవాళ్ళకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు. దీపావళి ముందు సాంచెలు రాత్రీ పగలూ నడుస్తాయి. తర్వాత గిరాకీ పడిపోతుంది. మంచి నెలల్లో మిగిలింది మందం నెలల్లో కరిగిపోతుంది. పద్మానగర్‌లో, కామత్‌ఘర్‌లో స్థిరపడిన చాలా పద్మశాలి కుటుంబాల బతుకు లెక్క ఇదే. అలాంటి లెక్కతోనే బతికిన ఇంకో రకం పనివాళ్ళ గురించి ఈసారి రాస్తున్నాం.

వాళ్ళు కర్ణాటకలో కావేరి ఒడ్డు ఊళ్ళవాళ్ళు. దూరదేశాల నుంచి గాలం పట్టుకొని వచ్చినవాళ్ళకు చేప ఎక్కడ ఉందో చూపించడం వాళ్ళ పని. గాలం వేసేవాళ్ళ భాషలో వాళ్ళను గిల్లీలు అంటారు. అది స్కాట్లాండు నుంచి వచ్చిన గేలిక్ మాట, కుర్రవాడు అని అర్థం. తల నెరిసేదాకా నదిని చదివిన మనిషికి కూడా అదే పేరు. ఈ కథలో మనకు దగ్గరిది ఇంకొకటి ఉంది. ఇందులో ఒక చేప మన మహారాష్ట్ర నుంచే అక్కడికి వెళ్ళింది.

ముందు గాలం సంగతి. ఫ్లై ఫిషింగ్‌లో కొక్కేనికి ఎర గుచ్చరు. పట్టు దారం, పక్షి ఈక, జరీ లాంటి సన్నని తళుకు తీగ చుట్టి పురుగులాగానో చిన్న చేపలాగానో తయారు చేస్తారు. నేత ఇంట్లో పుట్టినవాళ్ళు చూస్తే ఇది దారం పనే అని వెంటనే అంటారు. ఆ ఈకల కోసం మన దక్షిణాది అడవికోడి మెడ ఈకలకు విదేశాల్లో ఎంత గిరాకీ ఉండేదంటే, ఆ పక్షిని కాపాడటానికి ఎగుమతినే ఆపాల్సి వచ్చింది.

గాలంతో వేట మన దేశానికి ఇంగ్లీషువాళ్ళు నేర్పింది కాదు. 12వ శతాబ్దంలో కళ్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రాయించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అని ఒక భాగమే ఉంది. ఏ చేప ఎక్కడ ఉంటుంది, దానికి ఏ మేత ఇష్టం అని అందులో వివరంగా చెప్పారు. రాజు గాలం పట్టుకున్నాడంటే పక్కన నీళ్ళు తెలిసినవాడు ఒకడు ఉండే ఉంటాడు.

తెల్లదొరల కాలంలో ఈ వేటకు పెద్ద పుస్తకం హెన్రీ సలివన్ థామస్ రాసిన 'ది రాడ్ ఇన్ ఇండియా'. ఆయన మద్రాసు సివిల్ సర్వీసు అధికారి. పుస్తకం 1873లో మంగళూరులో అచ్చయింది. దొరలందరి కన్ను మహసీర్ మీదే. పెద్ద పొలుసులు, బలమైన తోక, గాలానికి తగిలితే నది అడ్డంగా లాక్కుపోయే చేప అది. 1946 మార్చి 22న మైసూరుకు చెందిన వాన్ ఇంగెన్ కుటుంబీకుడు ఒకాయన కావేరి ఉపనది కబినిలో 120 పౌండ్ల మహసీర్‌ను పట్టాడు, అంటే సుమారు 54 కిలోలు. గాలం వేసేవాళ్ళు ఇప్పటికీ ఆ లెక్క చెప్పుకుంటారు.

స్వాతంత్ర్యం తర్వాత ఆ పెద్ద చేపలు ఇక లేవనే అనుకున్నారు. 1977-78లో ముగ్గురు ఇంగ్లీషు యువకులు దేశమంతా వెతుక్కుంటూ వచ్చి కావేరిలో మళ్ళీ పెద్ద మహసీర్లను పట్టారు. ఆ వార్త బయటికి పోయాక విదేశీయుల రాక మొదలైంది. భీమేశ్వరి, దొడ్డమక్కళి, గాలిబోరెలో కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ క్యాంపులు నడిపింది. బెంగళూరులో 1972లో పుట్టిన వన్యప్రాణి సంఘం ఒకటి నదిలో కొంత భాగాన్ని కాపలా కాసింది.

గైడుకు తీరిక లేని కాలం జనవరి నుంచి మార్చి దాకా. వానల వరద తగ్గి నీళ్ళు తేటపడేది అప్పుడే. మార్చి వచ్చేసరికి బండలు బయటపడతాయి, చేపలు లోతు మడుగుల్లోకి చేరతాయి, ఎండ మండిపోతుంది.

పని తెల్లారకముందే మొదలు. రాగిపిండి గట్టిగా పిసికి, ఉడకబెట్టి, నిమ్మకాయంత ఉండలు చేయాలి. నిజం చెప్పాలంటే కావేరిలో దారం చుట్టిన ఫ్లై కంటే ఈ రాగి ముద్దకే ఎక్కువ చేపలు పడేవి. ఎండ్రకాయ, చిన్న చేప కూడా ఎరలే. వెలుగు రాకముందే హరిగోలులో దొరను ఎక్కించుకొని మడుగు దగ్గరికి తీసుకుపోవాలి. కన్నడ మీడియంలో చదివినవాళ్ళం కనక మాకు హరిగోలు అనే మాటే ముందు తెలుసు. తెలుగులోనూ అది అరిగోలే అని నిఘంటువు చూశాక తెలిసింది. కృష్ణ, తుంగభద్ర ఒడ్డున దాన్నే పుట్టి అంటారు.

ఏ బండ పక్కన ఎర వేయాలి, నీటి వేగానికి ఎంత సీసం బరువు కట్టాలి, తీగ వణికింది చేప వల్లనా ప్రవాహం వల్లనా, ఇవన్నీ గైడే చెప్పాలి. చేప తగిలాక తీగ బండల కింద చిక్కుకుంటే అరిగోలు వేసుకొని పోయి విడిపించాలి. చివరికి చేపను ఒడ్డుకు తెచ్చి, తూచి, ఫోటో తీయించి, ఊపిరి తిరిగేదాకా నీళ్ళలో పట్టుకొని వదిలేయాలి. ఎండ ముదిరాక కాస్త విరామం, సాయంత్రం మళ్ళీ చీకటి పడేదాకా ఇదే పని. అతిథులు మారతారు గానీ గైడు మారడు. వానలు మొదలైతే ఈ రాబడి ఆగిపోతుంది.

ఈ గైడ్లలో చాలామంది అంతకు ముందు ఇదే నదిలో డైనమైట్ వేసి చేపలు పట్టినవాళ్ళు. చచ్చిన చేపకు ఒక్కసారే డబ్బు. బతికున్న చేప ప్రతి ఏడాదీ అతిథిని తెస్తుంది. ఆ లెక్క అర్థమయ్యాక, మందు పేల్చిన చేతులే కాపలా కాశాయి.

క్యాంపుల్లో ఎన్ని గంటలు గాలం వేశారు, ఏ రకం చేప పడింది, ఎంత తూగింది అని పుస్తకంలో రాసేవాళ్ళు. 1998 నుంచి 2012 దాకా గాలిబోరె క్యాంపు లెక్కలను శాస్త్రవేత్తలు తర్వాత కూర్చి చూశారు. 23,620 గంటల వేటలో 6,161 మహసీర్లు. ఆ అంకెల్లో ఎవరూ ఊహించని సంగతి బయటపడింది. కావేరి సొంత చేప, మూపురం ఉన్న మహసీర్, ఏటేటా తగ్గిపోయింది. దాని చోట నీలిరెక్కల మహసీర్ పెరిగింది.

ఆ నీలిరెక్కల చేపే మన వైపు నుంచి వెళ్ళింది. సైక్స్ అనే అధికారి పుణె దగ్గర ములా-ముఠా నదిలో చూసి 1839లో శాస్త్రానికి పరిచయం చేసిన దక్కన్ మహసీర్ అది. లోనావళాలో టాటా విద్యుత్ కంపెనీ 1970లలో దాని పిల్లలను పెంచడం మొదలుపెట్టింది. మంచి ఉద్దేశంతోనే ఎన్నో నదుల్లో వదిలారు, కావేరిలో కూడా. సొంత చేపకు మాత్రం శాస్త్రీయమైన పేరు ఖాయం అయ్యేసరికి 2018 వచ్చింది. అదే ఏడాది దాన్ని తీవ్రంగా అంతరించిపోతున్న జాతుల జాబితాలో చేర్చారు.

వలస వచ్చినవాళ్ళ వల్ల స్థానికులు పోయారు అనే మాట చదివితే మనలాంటివాళ్ళకు కొంచెం గుచ్చుకుంటుంది. కరీంనగర్, వరంగల్, నల్గొండ నుంచి వచ్చిన మనవాళ్ళు ఆ మాట విననివాళ్ళు కారు. కానీ చేపకూ మనిషికీ పోలిక అక్కడే తెగిపోతుంది. మనిషి చేతిలో పనితో వస్తాడు, వచ్చిన ఊరికి ఆ పని ఇస్తాడు. చేపను డబ్బాలో తెచ్చి వదిలారు, తర్వాత ఏమైందో చాలా ఏళ్ళు ఎవరూ లెక్క చూడలేదు. చూసినప్పుడు దొరికిన సాక్ష్యం క్యాంపు పుస్తకమే.

ఆ పుస్తకం కూడా ఆగిపోయింది. అభయారణ్యంలో గాలం వేయడం వన్యప్రాణి సంరక్షణ చట్టానికి విరుద్ధమని ఆపించారు. నియమం ప్రకారం అది సరే కావచ్చు. అయితే గైడ్లకు మార్చి నెల సంపాదన పోయింది, చేపలను ఏటా తూచే చేతులూ పోయాయి.

ఇది చదివాక మాకు భీవండి గుర్తొచ్చింది. 1982 జనవరిలో బొంబాయి మిల్లుల సమ్మె మొదలయ్యాక నేత పని పెద్ద ఎత్తున పవర్‌లూమ్‌లకు మళ్ళింది. మనవాళ్ళ సాంచెలకు అంత పని వచ్చిన కాలంలో ఒక్క మనిషి షిఫ్టుకు ఎన్ని సాంచెలు చూశాడు, మీటరుకు కూలి ఎంత, ఆడవాళ్ళు రోజుకు ఎన్ని కండెలు చుట్టారు? ఇంట్లో పెద్దవాళ్ళను అడిగితే చెబుతారు. కాగితం మీద మాత్రం చాలా తక్కువ ఉంది. మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాం. మా పనిలో రాసిపెట్టని పరీక్ష జరగనట్టే లెక్క. చరిత్ర కూడా మనవాళ్ళను అలాగే లెక్కిస్తుందేమో అని భయం.

మీ ఇళ్ళల్లో పాత హిసాబు పుస్తకాలు, కూలి చిట్టీలు, బీము లెక్కలు ఉంటే రద్దీవాడికి వేయకండి. ముందు ఒక్కో పేజీ ఫోటో తీయండి, పక్కన పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అంకెలకు అర్థం అడిగి రాయండి. ఈ దీపావళి సీజన్ మొదలయ్యేలోపు మేము మా ఇంటి పుస్తకాలతో మొదలుపెడుతున్నాం.