జైతూన్ సబ్బు కథ

పసిబిడ్డకు ఒంటిమీద దద్దుర్లు లేస్తే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ముందుగా చెప్పే మాట ఒకటే. "సబ్బు మానేయండి, సెనగపిండి రాయండి." ఆ మాటలో న్యాయం లేకపోలేదు. సున్నితమైన చర్మం గలవారికి సబ్బు పడకపోవడం మనం ఎరిగినదే. అయితే సబ్బులన్నీ ఒకటేనా? ఒళ్ళు మండించని మెత్తని సబ్బును పూర్వులు ఎలా సాధించారు? ఈ విషయాన్నే పాఠకులతో కొంచెం ముచ్చటించదలచాము.

క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ, గాల్ దేశస్థులు కొవ్వూ బూడిదా కలిపి చేసే సబ్బును ప్రస్తావించాడు. విచిత్రమేమంటే, అది ఒళ్ళు రుద్దుకోవడానికి కాదు, జుట్టుకు ఎర్రరంగు పట్టించుకోవడానికట! లాటిన్ వారి 'సాపో', అరబ్బుల 'సాబూన్', ఉర్దూలోని 'సాబున్', మన 'సబ్బు', అన్నీ ఒక కుటుంబపు మాటలే. దానికి బదులుగా అరబీ భాష ప్రపంచానికి ఇంకో మాటనిచ్చింది. అదే 'అల్-ఖలీ'. ఉప్పునేలల్లో పెరిగే మొక్కలను కాల్చగా వచ్చే బూడిద అని దాని అర్థం. రసాయన శాస్త్రంలో ఆల్కలీ అంటున్నది దీన్నే.

మెత్తని సబ్బు కథంతా ఈ బూడిదలోనే ఉంది. మామూలు కట్టెల బూడిదనీళ్ళతో సబ్బు వండితే అది గట్టిపడదు, జావలా ఉంటుంది. ఉప్పునేల మొక్కల బూడిదలో సోడా ఉంటుంది కనుక సబ్బు గట్టిగా బిళ్ళ కడుతుంది. పాలస్తీనాలోని నాబ్లుస్ పట్టణానికి ఈ బూడిదను బద్దూలు ఒంటెల మీద తెచ్చేవారు. దానికి సున్నం కలిపి నీళ్ళు పోస్తే ఘాటైన క్షారజలం దిగుతుంది. చుట్టుపక్కల కొండల మీద జైతూన్ తోటలకు లోటు లేదు. జైతూన్ నూనె, నీళ్ళు, క్షారం, ఈ మూడే సరుకులు. పెద్ద రాగి కాగులో రోజుల తరబడి ఉడికించి, వేడివేడి సబ్బును బాల్చీలలో పై అంతస్తుకు మోసుకుపోయి నేలమీద పరిచేవారు. ఆరిన తర్వాత రంగులో ముంచిన దారంతో గీతలు కొట్టి, ఒక్కొక్క బిళ్ళ మీద కార్ఖానా ముద్ర వేసి కోసేవారు. ఆ బిళ్ళలను లోపల గుల్లగా ఉండేలా గోపురాల మాదిరి పేర్చి నెలల తరబడి గాలికి వదిలేవారు.

సిరియాలోని అలెప్పో పద్ధతి కొంచెం వేరు. అరబ్బులు ఆ ఊరిని హలబ్ అంటారు. వాళ్ళు జైతూన్ నూనెను మూడు రోజులు ఉడికించి, చివర్లో 'గార్' చెట్టు కాయల నూనె కలుపుతారు. ఈ చెట్టు ఆకు మన బిర్యానీ ఆకుకు చుట్టం లాంటిది గానీ చెట్టు వేరు. పని అంతా చలికాలంలోనే. పరిచిన సబ్బును కోయడం చూడముచ్చటగా ఉంటుంది. పళ్ళున్న పెద్ద పలుగు మీద ఒకతను బరువుగా నిలబడితే తక్కినవాళ్ళు లాగుతారు! ఆరు నుంచి తొమ్మిది నెలలు ఆరాక పైన బంగారు రంగు తేలుతుంది. కోసి చూస్తే లోపల ఆకుపచ్చే.

ఇంతకాలం ఎందుకు ఆరబెట్టడం? నీరు ఇగిరిపోతుంది, బిళ్ళ గట్టిపడుతుంది, నురుగు మెత్తబడుతుంది. నిన్న వండిన సబ్బు ఒంటికి ఘాటు, ఏడాది నిలవున్నది సాధువు. పచ్చళ్ళ సంగతి తెలిసిన మన ఆడవాళ్ళకు ఇది విడమర్చి చెప్పనక్కరలేదు. ఫ్రాన్సులోని మార్సే పట్టణపు సబ్బుల గురించి పద్నాలుగో లూయీ 1688లో ఒక శాసనం చేశాడు. జైతూన్ నూనె తప్ప వేరే కొవ్వు వాడరాదని, వేసవి మూడు నెలలు సబ్బు వండరాదని అందులో ఉంది. తొందరపడితే సరుకు చెడుతుందని రాజుగారికి కూడా అర్థమయిందన్నమాట.

ఆ తర్వాత తొందర కాలం వచ్చింది. 1791లో లెబ్లాంక్ మామూలు ఉప్పు నుంచి సోడా తీసే పద్ధతికి పేటెంట్ పొందాడు. బూడిద కోసం ఎడారి మీద ఆధారపడే పని తప్పింది. 1823లో షెవ్రోల్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త నూనెలో కొవ్వు ఆమ్లాలూ గ్లిజరినూ ఉంటాయని, క్షారం వాటిని విడదీస్తుందని వివరించాడు. (ఈయన 102 ఏళ్ళు బతికాడు!) 1867లో నోబెల్ డైనమైటుకు పేటెంట్ పొందాక గ్లిజరిన్‌కు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. పెద్ద కార్ఖానాలు సబ్బులోంచి గ్లిజరిన్ వేరుచేసి అమ్మసాగాయి. చర్మానికి చెమ్మ నిలిపే పదార్థం మందుగుండుకు పోయింది. ఇంట్లో చేసిన సబ్బులో అది అలాగే ఉండిపోతుంది. ఇంటి సబ్బు మెత్తగా ఉండటానికి ఇదొక కారణం.

ఇదంతా చదివాక మేమూ ఊరుకోలేదు. మొదటిసారి కాస్టిక్ సోడాను గ్లాసుతో కొలిచి పోశాం. ఫలితం, బొటనవేలి తోలు ఊడింది. సబ్బుకు గ్లాసు కొలత పనికిరాదు, త్రాసు కావలసిందే. కిలో జైతూన్ నూనెకు సుమారు 135 గ్రాముల కాస్టిక్ సోడా సరిపోతుంది. సున్నితమైన చర్మానికైతే నూటికి అయిదు వంతులు తగ్గించి 128 గ్రాములే వెయ్యాలి. అప్పుడు క్షారం మిగలదు, కాస్త నూనె మిగులుతుంది. నీళ్ళు 300 గ్రాములు. సోడాను నీళ్ళలో వెయ్యాలి గానీ సోడా మీద నీళ్ళు పొయ్యకూడదు, చిమ్ముతుంది. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలుది కావాలి. చేతులకు తొడుగులు, కళ్ళకు అద్దాలు తప్పవు. పిల్లలను ఆ గడప తొక్కనివ్వకండి. అత్తరు, రంగు ఏమీ కలపలేదు. సువాసన కోసం వేసేవే చాలామందికి దురద పెడతాయి. గార్ నూనె కూడా కొందరికి పడదు.

ఒక్క సంగతి దాచకూడదు. ఎంత మెత్తని సబ్బయినా క్షారగుణం గలదే. ఆరోగ్యమైన చర్మం కొంచెం పులుపు గుణం గలది. కాబట్టి తామర, గజ్జి వంటి జబ్బులకు ఇది మందు కాదు. డాక్టరును చూడవలసిందే.

ఈ విద్యను కాపాడుకొచ్చినవాళ్ళ అవస్థ కూడా చెప్పాలి. 1927 భూకంపం నాబ్లుస్‌ను కుదిపేసింది. 2002లో ఇజ్రాయెల్ సైనిక దాడిలో పాత పట్టణంలోని సబ్బు కార్ఖానాలు కొన్ని ధ్వంసమయ్యాయి. 2012 నుంచి అలెప్పో యుద్ధంలో చిక్కుకుంది. సబ్బు పనివారు పలువురు సరిహద్దు దాటి టర్కీలోని గాజియన్‌తెప్ వంటి ఊళ్ళలో కాగులు పెట్టుకున్నారు. 2023 ఫిబ్రవరి భూకంపం అక్కడా ఇక్కడా రెండుచోట్లా కొట్టింది. 2024 డిసెంబరులో యునెస్కో నాబ్లుస్ సబ్బునూ, అలెప్పో గార్ సబ్బునూ మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. వాటిలో మొదటిది పాలస్తీనా పేరున, రెండోది సిరియా పేరున నమోదయ్యాయి.

మేము రెండోసారి తూకం వేసి పోసిన పన్నెండు బిళ్ళలు అటక మీద గుడ్డ పరిచి ఉన్నాయి. ఇంకా రెండు నెలలు ఆగాలి. ఇంట్లో పిల్లలు రోజూ ఎక్కి వాసన చూసి దిగుతున్నారు.